డెబియన్ 13కి మారాక: తాత భారతం పుస్తకాల స్కానింగ్ డైరీ

పుత్తూరు పక్కన మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు ఏటా భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజుల పండగ. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, సాయంత్రం అగ్నిగుండం. మా తాత ముప్పై ఏళ్ళకు పైగా అక్కడ కథ చెప్పాడు. ఆయన చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు ఇరవై మూడు, కొని దాచుకున్న అచ్చు పుస్తకాలు పదకొండు. చెదలు పట్టకముందే అన్నిటినీ స్కాన్ చేసి పెట్టాలని తిరుపతి బైరాగిపట్టెడలో, మా ఇంటి మెట్ల కింద గదిలో రెండేళ్ళుగా పని చేస్తున్నాను.

మిషను కొత్తదేం కాదు. ఆఫీసులో వాడి అమ్మేసిన డెస్క్‌టాప్. ఇంటెల్ నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, సిస్టమ్‌కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, స్కాన్‌లు దాచడానికి 2 టీబీ హార్డ్ డిస్కు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో సరి. ఈ పెట్టె ఇంకో అయిదేళ్ళు పని చెయ్యాలి. అందుకే విండోస్ బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ సిస్టమ్‌ని, 2023లో దాని 12వ వెర్షన్ వచ్చిన కొత్తలోనే వేసుకున్నాను. ఇప్పుడు 13కి మార్చాను. ఆ పది రోజుల్లో ఏం తెగింది, ఏం బాగైంది అన్నది ఇక్కడ రాసుకుంటున్నాను.

శుక్రవారం రాత్రి, సర్దుకోవడం

డెబియన్ 13, ట్రిక్సీ అనేది, 2025 ఆగస్టు 9న విడుదలైంది. వెంటనే ఎక్కించుకోలేదు. సెప్టెంబరు 6న 13.1 వచ్చేదాకా ఆగాను. నిజానికి అప్పటికి తొందరేం లేదు, డెబియన్ 12కి మామూలు భద్రతా సవరణలు 2026 జూన్ దాకా ఉన్నాయి. నన్ను లాగింది బొమ్మలు దిద్దే ప్రోగ్రాము జింప్ 3.0. తాత సిరా వెలిసిపోయిన పేజీల మీద దానితో ఏమైనా చెయ్యొచ్చేమోనని ఆశ.

మొదట స్కాన్‌లన్నీ బయటి డిస్కులోకి ఆర్‌సింక్‌తో కాపీ చేశాను. సిస్టమ్ అమరికలన్నీ ఉండే ఈటీసీ ఫోల్డరు మొత్తం, ఎక్కించి ఉన్న ప్యాకేజీల జాబితా కూడా. విడుదల సూచనలు చదివితే, మిషను లేచేందుకు కావాల్సిన ఫైళ్ళుండే డిస్కు భాగం, బూట్ పార్టిషన్, కనీసం 768 ఎంబీ ఉండాలి, అందులో 300 ఎంబీ ఖాళీగా ఉండాలి అని ఉంది. నాది అయిదు వందలు కూడా లేదు. అందులోని పాత కెర్నళ్ళు, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రాములు, రెండు తీసేస్తే ఖాళీ 300 దాటింది. పార్టిషన్ పెంచే పని మళ్ళీ చూసుకుందాం అనుకున్నాను.

శనివారం, అప్‌గ్రేడ్

ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో, డెబియన్ 12 పేరు బుక్‌వార్మ్ అని ఉన్న చోటల్లా ట్రిక్సీ అని మార్చాను. తెర మీద పడేదంతా ఫైల్లోకి ఎక్కేలా స్క్రిప్ట్ అనే కమాండు ముందే నడిపాను. ఇది ఎవరైనా తప్పక చెయ్యాల్సిన పని, రాత్రికి నన్ను ఆదుకున్నది అదే. ముందు కొత్త ప్యాకేజీలు తేకుండా చిన్న అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్.

మధ్యాహ్నం మూడింటికి కపిలతీర్థం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఉరుములు మొదలయ్యేసరికి ఇంకా సగం ప్యాకేజీలే విప్పుకున్నాయి. యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో నమ్మకం లేదు. మానిటర్ ఆపేశాను, ఇంకేమీ యూపీఎస్‌కి తగిలించి లేకుండా చూశాను. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. నాలుగున్నరకు పని ముగిసింది. రీబూట్ చేస్తే కెర్నల్ 6.12, ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20 డెస్క్‌టాప్‌తో చక్కగా లేచింది.

"సరైందామ్మా పెట్టె?" అని నాయన వాకిట్లోంచి అడిగినాడు. అయిందన్నాను.

శనివారం రాత్రి, స్కానర్ కనబడదు

స్కానింగ్ కమాండు స్కాన్‌ఇమేజ్‌ని పరికరాల జాబితా అడిగితే ఒక్కటీ లేదంది. నా స్కానర్ ప్రింటర్‌తో కలిసి ఉన్నది, యూఎస్‌బీతో తగిలించినది. యూఎస్‌బీ జాబితాలో మాత్రం దాని పేరు కనిపిస్తోంది. అంటే తీగ బాగానే ఉంది, డ్రైవరే లేదు.

పొద్దున రికార్డు చేసుకున్న ఫైలు తెరిచి వెతికాను. తయారీ సంస్థ సైటు నుంచి రెండేళ్ళ కింద దించుకుని నేను విడిగా ఎక్కించిన డ్రైవర్ ప్యాకేజీ ఫుల్ అప్‌గ్రేడ్‌లో తొలగిపోయింది. అది ఆధారపడిన పాత లైబ్రరీ ఒకటి డెబియన్ 13లో లేదు. తీసివేయబోయే ప్యాకేజీల వరుసలో దాని పేరు స్పష్టంగానే ఉంది. నేను ఆ వరుస చదవకుండా వై నొక్కాను. ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాము ఏపీటీ, దాని కొత్త 3.0లో ఈ జాబితా నిలువు వరుసల్లో వస్తుంది, పోయేవి ఎర్రగా కనిపిస్తాయి. కానీ అప్‌గ్రేడ్ నడిచింది పాత ఏపీటీతో కదా. ఏపీటీ ఒక్కదాన్నీ ముందుగా పెంచుకుని ఉంటే ఆ ఎరుపు నా కళ్ళలో పడేది.

పాత డ్రైవర్‌ని బలవంతంగా ఎక్కించాలన్న ఆలోచన వదిలేశాను. ఈ కాలపు స్కానర్లు చాలావాటికి డ్రైవరే అక్కర్లేదు. ఐపీపీ-యూఎస్‌బీ అనే సేవ యూఎస్‌బీ పరికరాన్ని నెట్‌వర్క్‌లో ఉన్నట్టుగా చూపిస్తుంది, సేన్-ఎయిర్‌స్కాన్ దానితో మాట్లాడుతుంది. రెండు ప్యాకేజీలూ నా మిషన్లో ఉన్నాయి. అయినా స్కానర్ రాలేదు.

ఇక్కడ దాదాపు రెండు గంటలు పోయాయి. వేరే పోర్టు, వేరే తీగ, యూజర్ గ్రూపులు, అన్నీ చూశాను. ఆఖరికి సేవలని నడిపే సిస్టమ్‌డీలో మాస్క్ చేసి, అంటే అసలు మొదలవకుండా మూసేసి, ఉన్న సేవల జాబితా అడిగితే ఐపీపీ-యూఎస్‌బీ అందులో ఉంది. మాస్క్ చేసింది నేనే. రెండేళ్ళ కింద కంపెనీ డ్రైవర్ వేసినప్పుడు పరికరం ఖాళీ లేదని మొండికేసేది. ఆ యూఎస్‌బీని ఐపీపీ-యూఎస్‌బీ ముందే పట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది. అందుకే దాన్ని మూసేశాను. ఎక్కడా రాసుకోలేదు. మాస్క్ తీసి, సేవ మొదలుపెట్టిన నిమిషానికి స్కానర్ కనబడింది.

ఒక తేడా మాత్రం ఉంది. ఈ పద్ధతిలో నా స్కానర్ రంగు బొమ్మని జేపెగ్‌గా కుదించి పంపుతుంది, పాత డ్రైవర్ కుదించకుండా ఇచ్చేది. దాచిపెట్టుకునే స్కాన్‌లకి ఇది చిన్న విషయం కాదు. అదే పేజీ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి నాలుగింతలు పెంచి చూశాను. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల్లో, అక్షరాల అంచుల దగ్గర ఎక్కడో తప్ప తేడా తెలియలేదు. తాత రాతలో ఇంకేదీ చెరగడం లేదు. ఒప్పుకున్నాను. కానీ ఏ పుస్తకం ఏ పద్ధతిలో స్కాన్ అయిందో ఇకమీదట పుస్తకం వివరాల్లో రాస్తున్నాను.

ఆదివారం, 39వ పేజీ

పన్నెండో నోటు పుస్తకం పెట్టాను. అభిమన్యుడి వధ. పాత లెడ్జరు, నిలువుగా ఏ4 అంత ఉంటుంది. 38 పేజీలు హాయిగా సాగాయి. రాను రాను మిషను బరువెక్కినట్టు అనిపించింది, మౌస్ కూడా తడబడింది. 39వ పేజీ సగంలో ఆగిపోయింది. డిస్కులో చోటు లేదంది. 2 టీబీ డిస్కులో సగం ఖాళీ, ఎస్‌ఎస్‌డీలోనూ వంద జీబీ ఖాళీ.

నా స్కానింగ్ స్క్రిప్ట్ పేజీలని మొదట తాత్కాలిక ఫైళ్ళుండే టెంప్ ఫోల్డర్లో పెడుతుంది, పుస్తకం అయ్యాక కుదించి పెద్ద డిస్కులోకి పంపుతుంది. డెబియన్ 13లో టెంప్ ఉండేది డిస్కు మీద కాదు, ర్యామ్‌లో. ర్యామ్‌లో సగం వరకూ వాడుకోనిస్తుంది. 8 జీబీలో గ్రాఫిక్స్‌కి పోగా మిగిలినదాంట్లో సగం అంటే 4 జీబీకి కాస్త అటూ ఇటూ. ఏ4 పేజీ 600 డీపీఐలో 4960 చుక్కల వెడల్పు, 7016 చుక్కల ఎత్తు, చుక్కకి మూడు బైట్లు. కుదించకుండా రాస్తే పేజీకి 104 ఎంబీ. 38 పేజీలు దాదాపు 4 జీబీ. లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది. మిషను బరువెక్కడానికీ కారణం అదే, పేజీలన్నీ ర్యామ్‌లో కూర్చున్నాయి.

టెంప్ మౌంట్‌ని మాస్క్ చేస్తే పాత పద్ధతికి వెళ్ళొచ్చు. ఒకే ఒక్క కమాండు. చెయ్యలేదు. పాత పద్ధతిలోనూ రీబూట్ అయితే టెంప్ ఖాళీ అయ్యేదే, అంటే రెండేళ్ళుగా తాత పేజీలని నేను ఆగీ ఆగని కరెంటు మీద పెట్టి స్కాన్ చేస్తున్నాను. తప్పు ఉన్నది స్క్రిప్ట్‌లో. పెద్ద డిస్కులో పని ఫోల్డరు ఒకటి చేసి, టెంప్‌డిర్ అనే వేరియబుల్‌ని అటు తిప్పాను. స్కాన్‌లని వెతకగల పీడీఎఫ్‌గా మార్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్ కూడా ఆ వేరియబుల్‌నే గౌరవిస్తుంది కాబట్టి దానికి విడిగా ఏమీ చెయ్యక్కర్లేదు. పేజీ వచ్చిన వెంటనే నష్టం లేకుండా కుదించి దాచేలా కూడా మార్చాను. సాయంత్రానికి పన్నెండో పుస్తకం 112 పేజీలూ పూర్తి. నడుమ ఒకసారి కరెంటు పోయింది, యూపీఎస్ తట్టుకుంది. తట్టుకోకపోయినా ఇప్పుడు పోయేది ఒక్క పేజీ.

మంగళవారం

చిన్నది. ర్యామ్ చాలనప్పుడు డిస్కుని వాడుకునే స్వాప్ ఎంత వాడాలో నేను పెట్టుకున్న అమరిక పనిచెయ్యడం లేదని గమనించాను. ఈటీసీలోని సిస్‌సీటీఎల్ కాన్ఫ్ ఫైలుని ఇప్పుడు బూటయ్యేటప్పుడు సిస్టమ్ చదవదు. ఆ వరుసని సిస్‌సీటీఎల్-డీ ఫోల్డర్లో వేరే ఫైలుగా పెడితే సరిపోయింది.

బుధ, గురువారాలు, పైథాన్

అచ్చు పుస్తకాల పని పైథాన్ స్క్రిప్టులది. అవేవీ నడవలేదు. డెబియన్ 12లో పైథాన్ 3.11, ఇప్పుడు 3.13. లైబ్రరీలు విడిగా వేసుకున్న నా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పాత పైథాన్‌కి కట్టి ఉంది, ఆ పైథాన్ ఇప్పుడు లేదు. కొత్తది చేసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ అందులో ఏయే లైబ్రరీలు వేశానో జాబితా రాసి పెట్టుకోలేదు. పాత ఎన్విరాన్‌మెంట్ ఫోల్డరు నడవకపోయినా చెరిగిపోలేదు. అందులో సైట్-ప్యాకేజెస్ ఫోల్డరు తెరిచి, పేర్లూ వెర్షన్లూ ఒక్కొక్కటే చూసి జాబితా కట్టాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు పాత ఫోల్డరు తుడిచెయ్యకండి, మీ జాబితా దాంట్లోనే ఉంటుంది.

తర్వాత ఇంకో గోడ. బొమ్మ ఫైలు ఏ రకమో పోల్చే ఐఎంజీహెచ్‌డీఆర్ అనే మాడ్యూల్ లేదంది. అది పైథాన్‌తోనే వచ్చే మాడ్యూల్, నేను ఎక్కించింది కాదు. వాడుక తగ్గిన పాత మాడ్యూళ్ళని 3.13లో ఒక్కసారిగా తీసేశారు, ఇదీ వాటిలో ఒకటి. తీసేస్తామన్న హెచ్చరిక 3.11 నుంచీ ఉంది. నేను హెచ్చరికలు కనబడకుండా స్క్రిప్ట్ నడుపుతున్నాను. దాని చోట పిల్లో లైబ్రరీతో ఫైలు తెరిచి రకం అడిగేలా రాశాను. నిజానికి ఇదే మేలు. పాత మాడ్యూల్ ఫైలు మొదటి బైట్లు మాత్రమే చూసేది. టిఫ్ ఫైలయితే మొదట్లో ఐఐ అనో ఎంఎం అనో ఉంటే చాలు, సరే అనేది. పిల్లోతో బొమ్మ మొత్తం విప్పి చూసేలా రాస్తే, సగంలో తెగిన మూడు పాత స్కాన్‌లు బయటపడ్డాయి. ఆరో నోటు పుస్తకంలోవి. అవి బాగున్నాయనుకుని ఏడాదిగా నిశ్చింతగా ఉన్నాను. మూడు పేజీలూ మళ్ళీ స్కాన్ చేశాను.

బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ 5.3 నుంచి 5.5కి వచ్చింది. తెలుగు బాగా చదువుతుందేమోనని ఒకే పేజీని పాత ఫలితంతో పోల్చాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. చదివేది తెలుగు మోడల్, అది మారలేదు. ప, వ, ష దగ్గర పాత తడబాట్లే. పాత అచ్చులోని అరసున్నలు, బండి ఱ, పద్యాల చివర ౧, ౨ అని తెలుగు అంకెలు, అన్నీ మునుపటిలాగే చేత్తో దిద్దుకోవాల్సిందే. మేలు వేరే దారిలో దొరికింది. నలుపు తెలుపులుగా విడగొట్టే పద్ధతిని మామూలు ఓట్సు నుంచి సావోలాకి మార్చాను. ఓట్సు పేజీ మొత్తానికి ఒకే గీత గీస్తుంది, సావోలా ప్రతి చోటా చుట్టుపక్కల వెలుగు చూసి గీస్తుంది. అంచులు గోధుమ రంగు తిరిగిన పేజీల్లో పక్క వరుసలు ఇప్పుడు మాయం కావడం లేదు. ఈ సౌకర్యం పాత వెర్షన్‌లోనూ ఉంది. స్క్రిప్ట్ తిరగరాసే పని పడితేగానీ నేను దానివైపు చూడలేదు.

శుక్రవారం, ఫాంట్లు

నాయన కోసం అచ్చు వేసే 64 పేజీల ఫైలు తెరిస్తే 67 పేజీలైంది. అందులో చాలా చోట్ల నేను వాడింది విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటు. అది నా మిషన్లో లేదు. లేని ఫాంటు చోట ఇంతకాలం పోతన వచ్చి కూర్చునేది, ఇప్పుడు నోటో వస్తోంది, దాని వరుసల ఎత్తు ఎక్కువ. ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండుతో అడిగితే ఆ సంగతి తేలింది. ఫాంట్‌కాన్ఫిగ్‌లో మారుపేరు రాయొచ్చు గానీ అదీ మరిచిపోయే మార్పే అవుతుంది. అందుకని ఫైల్లోనే స్టైలు మార్చి పోతన అని స్పష్టంగా పెట్టాను. పేరు పేజీకి ధూర్జటి ఫాంటు. కాళహస్తి కవి పేరున్న అక్షరాలు మా సీమ పుస్తకం మీద ఉంటే నాకు తృప్తి.

శనివారం, జింప్

దీనికోసమే ఇదంతా. మొదట ఎదురుదెబ్బే, 2.10 కోసం రాసుకున్న నా స్క్రిప్ట్-ఫూ, అంటే జింప్ లోపలి స్క్రిప్టులు, ఒక్కటీ 3.0లో నడవలేదు. లోపలి ఆదేశాల పేర్లు చాలా మారాయి. గుంపుగా పేజీలు తిప్పడం, కత్తిరించడం లాంటి పని జింప్‌తో చేయించడమే ఎక్కువ, ఆ పనులని కమాండ్లతో బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌కి అప్పగించాను. అదీ ఏడో వెర్షన్‌కి వచ్చింది, కన్వర్ట్ బదులు మ్యాజిక్ అనాలి, అంతే.

జింప్‌ని చేత్తో చేసే పనికి ఉంచుకున్నాను. 3.0లో ఫిల్టర్ వేస్తే కింది బొమ్మ మారదు. ఫిల్టర్ లేయరు మీద విడిగా నిలుస్తుంది, ఎప్పుడైనా తెరిచి అంకెలు మార్చొచ్చు, తీసెయ్యొచ్చు. మునుపు ప్రతి పేజీకి నాలుగు కాపీలు పెట్టుకునేదాన్ని.

పదిహేడో నోటు పుస్తకం, శల్యుడి కథ. వాన నీళ్ళు తగిలి పసుపుపచ్చ మరకలు, నీలి సిరా వెలిసిపోయి నీడలా ఉంది. మోనో మిక్సర్ పెట్టి ఎరుపు ఛానెల్ మాత్రం ఉంచి, ఆకుపచ్చ, నీలం సున్నా చేశాను. నీలి సిరా ఎరుపు వెలుగుని మింగేస్తుంది కాబట్టి ఆ ఛానెల్లో నల్లగా దిగుతుంది. పసుపు మరక ఎరుపుని తిప్పి పంపుతుంది కాబట్టి కాగితంలో కలిసిపోతుంది. దాని మీద కర్వ్స్ కొద్దిగా వంచాను. మరక పోయింది, వరుసలు లేచాయి. పక్క మార్జిన్లో మేము ఎన్నడూ చూడని పెన్సిల్ రాత కూడా లేచింది.

నాయనని పిలిచాను. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి వచ్చి చదివినాడు. "ఈడ శ్రుతి ఒక మెట్టు పెంచల్ల. జనం నిద్రపోతా వుంటారు." ఒకసారి చదివి, మళ్ళీ తాత గొంతుతో చదివినాడు. తెల్లారుజామున కథ సాగదీసినప్పుడు తాత ఉన్నట్టుండి గొంతు పెంచేవాడని, అది ఆవేశం అనుకున్నామని, రాసిపెట్టుకుని చేసినాడని తెలీదని చెప్పినాడు. ఆ రాత్రి ఇద్దరం పదకొండు దాకా ఆ పుస్తకం మార్జిన్లే వెతికాం. మొత్తం తొమ్మిది చోట్ల దొరికాయి. రెండు ఇప్పటికీ చదవలేకపోతున్నాం.

ఆదివారం, మిగిలినవి

ఎట్‌సీకీపర్ ఎక్కించాను. ఈటీసీలో నేను చేసే ప్రతి మార్పూ, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో నమోదవుతుంది. ప్రతిదానికీ ఎందుకు చేశానో తెలుగులో ఒక వాక్యం రాస్తున్నాను. ఈ వారం నన్ను ఆపినవి లెక్కపెడితే, మాస్క్ చేసిన సేవ, టెంప్‌ని నమ్ముకున్న స్క్రిప్ట్, జాబితా లేని ఎన్విరాన్‌మెంట్, లేని ఫాంటు, నాలుగూ నేను ఎప్పుడో చేసి రాసుకోనివే. మాడ్యూల్ లాంటివి మాత్రం బయటినుంచి వచ్చిన మార్పులు, మాడ్యూల్‌కయితే హెచ్చరికా ఉంది.

తమ్ముడి దగ్గర ఉన్న పాత నెట్‌బుక్ 32 బిట్లది. ఊరికి తీసుకెళ్ళి గుడి దగ్గర పాటలు రికార్డు చేసేది దాంతోనే. డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకి కెర్నలూ ఇన్‌స్టాలరూ లేవు. పొరపాటున ఎక్కించొద్దని వాడికి ఫోన్ చేసి చెప్పాను. అది 12లోనే ఉంటుంది.

బూట్ పార్టిషన్ పెంచాలి. కంపెనీ డ్రైవర్‌తో స్కాన్ చేసిన పాత పుస్తకాల వివరాల్లో ఆ సంగతి రాయాలి. మిగతా నోటు పుస్తకాలన్నిటి మార్జిన్లూ ఎరుపు ఛానెల్లో చూడాలి, ఒకటో పుస్తకం నుంచి మొదలుపెడుతున్నాను. నాయన పెన్సిల్ రాతలకి విడిగా ఒక నోటు పుస్తకం కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టినాడు.